చాపత్తా ప్యాకెట్ మీద పేరున్న కంపెనీని కూలీల సంగతి అడగడం ఎలా?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక హోటల్లో చాయ్ తాగుతూ ఓనర్‌ను అడిగాను, "అన్నా, ఈ చాపత్తా ఏ తోటది?" అని. ఆయన గల్లా మీద నుంచి తల కూడా ఎత్తలేదు. "తోటేందన్నా, దుకాణంల తెస్త" అన్నాడు.

ఆయన్ను తప్పు పట్టడానికి లేదు. అలాంటి దుకాణాలకు పదకొండేళ్లు పొడి వేసిన మనిషిని నేనే. మహబూబ్‌నగర్‌లో ఒక ఏజెన్సీలో సేల్స్‌మన్‌గా జడ్చర్ల, కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ లైన్లు తిరిగాను. ఏ ప్యాకెట్‌కు ఏ స్కీము, ఎవరి దగ్గర ఎంత పాత బాకీ అన్నీ నోటికి వచ్చు. ఆ ఆకు ఎవరు కోశారని మాత్రం ఒక్క దుకాణదారూ నన్ను అడగలేదు. నేనూ మా ఏజెన్సీలో ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు అడగడానికి కారణం మా నాయన. ఆయన పాలమూరు లేబర్. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని దీపావళి దాటగానే బండెక్కేవాడు, మృగశిర కార్తెకు తిరిగొచ్చేవాడు. ఒక ఏడు కూలి లెక్కలో తేడా వచ్చి సైటు ఇంజనీర్‌ను అడిగితే, "మీతో మాకేం సంబంధం? మీ మేస్త్రీని అడుక్కోండి" అన్నాడట. మేస్త్రీని అడిగితే, "కంపెనీ బిల్లు పాస్ చేయలేదు, నేనెక్కడ తేవాలె" అన్నాడు. ఆ ఇద్దరి మధ్య మా నాయన రెండు నెలల కూలి మాయమైంది. పాలమూరులో ఇలాంటి కథ లేని ఇల్లు తక్కువే.

టీలోనూ ఇదే వరస. కూలి సంగతి అడిగితే ప్యాకెట్ కంపెనీ తోట వైపు చూపిస్తుంది, తోట తన పొడి అమ్ముడుపోయే వేలం రేటు వైపు చూపిస్తుంది. మన మేస్త్రీ లాంటి వాణ్ని అస్సాంలో సర్దార్ అన్నారు, నీలగిరుల్లో కంగాణీ అన్నారు. అందుకే అడగాల్సింది ప్యాకెట్ మీద ఎవరి పేరుందో వాళ్లనే అని నాకు అనిపిస్తుంది. మీరు హోటల్ నడుపుతున్నా, హాస్టల్‌కు సరుకు కొంటున్నా, ఇంట్లో రెండు పూటలా చాయ్ తాగేవాళ్లైనా ఈ పని చేయొచ్చు. పెద్ద ఖర్చు లేదు, కాకపోతే ఓపిక కావాలి.

ముందు ప్యాకెట్‌ను వెనక్కి తిప్పండి

ముందువైపు పచ్చటి కొండ, వీపున బుట్టతో నవ్వుతున్న ఆడమనిషి ఉంటారు. ఆ బొమ్మతో మనకు పని లేదు. వెనక చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు, చిరునామా, కస్టమర్ కేర్ ఫోన్, ఈమెయిల్, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ ఉంటాయి. తూనికలు కొలతల శాఖ నిబంధనల ప్రకారం పేరు, చిరునామా, ఫిర్యాదు చేయాల్సిన చోటు ప్యాకెట్ మీద ఉండి తీరాలి. లేకపోతే ఆ ప్యాకెట్టే తప్పు ప్యాకెట్. దాని మీద 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు.

కొన్నింటి మీద "మార్కెటెడ్ బై" అని ఒక పేరు, "ప్యాక్డ్ బై" అని ఇంకో పేరు ఉంటాయి. రెండూ రాసుకోండి, ఉత్తరం మాత్రం బ్రాండ్ ఎవరిదో వాళ్లకు రాయండి. లైసెన్స్ నంబర్‌ను ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫాస్కాస్ సైట్‌లో కొడితే ఒక అడ్రస్ వస్తుంది. అది తోట అనుకునేరు. చాలాసార్లు అది పొడి కలిపి ప్యాక్ చేసే యూనిట్ మాత్రమే.

తోట పేరు మామూలు ప్యాకెట్ మీద దాదాపు ఎక్కడా ఉండదు, ఎందుకంటే అందులో ఎన్నో తోటల పొడి కలిసి ఉంటుంది. రంగుకు ఒకటి, చిక్కదనానికి ఒకటి, వాసనకు ఇంకొకటి కలిపి, ఏడాదంతా ఒకే రుచి వచ్చేలా చూస్తారు.

లూజ్ పొడి వాడే హోటల్ అయితే మీ పని ఇంకా సులువు. ఇది నాకూ ఆలస్యంగానే తెలిసింది. తోట నుంచి వేలానికి వచ్చే బస్తా మీద తోట పేరు, గ్రేడు, ఇన్‌వాయిస్ నంబర్, బరువు వేసి ఉంటాయి. దేవరకొండలో ఒక కిరాణా దుకాణం వెనక వరండాలో ఉల్లిగడ్డలు పోసుకున్న పాత కాయితం బస్తా ఒకటి చూశాను. ఒక మూల చినిగిపోయింది. మట్టి దులిపితే నీలం సిరాతో ఒక ఎస్టేట్ పేరు, దాని కింద ఎస్ఆర్‌డీ అని, ఆ కింద సగం చెరిగిపోయిన నంబరు. ఎస్ఆర్‌డీ అంటే సూపర్ రెడ్ డస్ట్. మన హోటళ్లలో చిక్కటి డికాక్షన్ దిగేది ఇలాంటి డస్ట్ రకాలతోనే. రంగురంగుల ప్యాకెట్ చెప్పని తోట పేరు ఉల్లిగడ్డల బస్తా చెప్పింది. మీ హోటల్ వాళ్లను కూడా ఖాళీ బస్తా పారేయకుండా ఒక ఫోటో తీసి పెట్టమనండి. అయితే లూజ్ పొడిలో రంగు కల్తీ కూడా ఎక్కువే. తడి టిష్యూ మీద చిటికెడు చల్లి చూడండి. చుట్టూ రంగు పాకితే ఆ దుకాణం మార్చేయండి.

ముద్రల గురించి ఒక మాట. పచ్చ కప్ప బొమ్మ ఉంటే రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ వాళ్లది. మన దేశంలో 2013లో మొదలైన ట్రస్ట్‌టీ ముద్ర కూడా కనిపిస్తుంది. ముద్ర ఉంటే మంచిదే, ఎవరో ఒకరు తనిఖీకి వెళ్లారని అర్థం. కానీ 2015లో బీబీసీ విలేకరులు అస్సాంలో తిరిగినప్పుడు, కప్ప ముద్ర ఉన్న తోటల్లో కూడా కారే ఇళ్లు, పాడైపోయిన మరుగుదొడ్లు బయటపడ్డాయి. ముద్ర చూసి ఉత్తరం మానుకోకండి.

పది రూపాయల చాయ్‌లో కూలి ఎంత?

ఉత్తరం రాసే ముందు ఈ లెక్క ఒకసారి మీ చేత్తో మీరే వేయండి. వేరేవాళ్లు చెబితే నమ్మబుద్ధి కాదు.

అస్సాంలో చాలా తోటల్లో ఒక రోజు కూలికి 24 కిలోల పచ్చాకు కోయాలని లెక్క. కోసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఒక మొగ్గ, రెండు లేత ఆకుల చొప్పున గిల్లుతూ 24 కిలోలు నింపాలి. సుమారు నాలుగున్నర కిలోల పచ్చాకు ఎండితే ఒక కిలో పొడి వస్తుంది. అంటే ఒక మనిషి రోజు పనికి 5 కిలోల పైచిలుకు పొడి. అస్సాం ప్రభుత్వం 2023 అక్టోబర్ 1 నుంచి బ్రహ్మపుత్ర లోయ తోటల్లో రోజు కూలి 250 రూపాయలు, బరాక్ లోయలో 228 రూపాయలు చేసింది. ఆ 250 లెక్కన చూస్తే కిలో పొడికి కోత కూలి 47 రూపాయలు. కిలో పొడితో, కప్పుకు రెండున్నర గ్రాముల చొప్పున, 400 కప్పులు అవుతాయి. కప్పుకు 12 పైసలు.

పది రూపాయల చాయ్‌లో ఆకు గిల్లిన చేతికి అందేది అదే. తోట వాళ్లు రేషన్, ఇల్లు, వైద్యం, పీఎఫ్ కూడా ఇస్తున్నాం కదా అంటారు. ఆ మాట నిజమే, వాటికీ ఖర్చు అవుతుంది, ఫ్యాక్టరీ కూలీల లెక్క వేరే ఉంటుంది. అయినా పోల్చి చూడండి. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మన దగ్గర చెరువు పూడిక తీసే పనికి ఇచ్చేదాని కన్నా, దేశమంతా తాగే టీ ఆకు కోసే పనికి ఇచ్చింది తక్కువ. కేరళ, తమిళనాడు తోటల్లో కూలి దీనికంటే చాలా ఎక్కువ, అందుకే మీ పొడి ఏ రాష్ట్రానిదో తెలుసుకోవడం కూడా అవసరం.

ఈ 12 పైసల లెక్కను చిన్న కాగితం మీద రాసి హోటల్ ఓనర్‌కు చూపించండి. ఉపన్యాసం అక్కర్లేదు. రోజంతా పైసల లెక్కలు చూసే మనిషికి ఇది ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

ఏం అడగాలో ముందే తేల్చుకోండి

"మీ తోటల్లో కూలీలను బాగా చూసుకుంటున్నారా?" అని అడిగితే "అవును" అని జవాబు వస్తుంది, అక్కడితో అయిపోతుంది. కాబట్టి చట్టం ఏం ఇవ్వమందో తెలుసుకుని దాని మీద అడగాలి.

టీ తోటలకు 1951లోనే ప్లాంటేషన్స్ లేబర్ చట్టం వచ్చింది. తోటలో పనిచేసేవాళ్లకు ఇల్లు, తాగునీరు, మరుగుదొడ్డి, వైద్యం, పిల్లలను చూసుకునే క్రెష్ యజమానే ఏర్పాటు చేయాలని అందులో ఉంది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. ఈ సదుపాయాల బాధ్యత అందులోనూ యజమానిదే, అయితే ప్రభుత్వ పథకాల ద్వారా కూడా ఏర్పాటు చేయొచ్చని వెసులుబాటు ఇచ్చారు. కాబట్టి "ఆ ఇల్లు మీరు కట్టారా, ప్రభుత్వం కట్టిందా" అన్నది అడగదగ్గ ప్రశ్నే.

అయితే ఈ సదుపాయాలు 5 హెక్టార్లు, అంటే పన్నెండు ఎకరాల పైన ఉన్న తోటలకే. దేశంలో ఏటా తయారయ్యే దాదాపు 130 కోట్ల కిలోల టీలో ఇప్పుడు సగానికి పైగా చిన్న రైతుల ఆకే. వాళ్లు పచ్చాకును బాట్‌లీఫ్ ఫ్యాక్టరీలకు, అంటే ఆకు బయట కొని పొడి చేసే ఫ్యాక్టరీలకు అమ్ముతారు. అక్కడ కోసే కూలీకి క్రెష్ లేదు, క్వార్టర్ లేదు. కంపెనీలు జవాబిచ్చేటప్పుడు పెద్ద ఎస్టేట్ల గురించి మాత్రమే రాసి ఊరుకుంటాయి. బాట్‌లీఫ్ ఫ్యాక్టరీల మాట మీరే ఎత్తాలి.

ఇంకో పేరు గుర్తుపెట్టుకోండి: ఫాల్తూ. అస్సాం తోటల్లో సీజన్‌కు మాత్రమే పెట్టుకునే కూలీలను అలా పిలుస్తారు. మన దగ్గర ఆ మాట ఎవరి మీద ఎలా వాడతామో మీకు చెప్పక్కర్లేదు. చలికాలంలో ఆకు రాదు, అప్పుడు వాళ్లకు పని ఉండదు. పర్మినెంట్ కూలీకి దక్కే ఇల్లు, వైద్యం లాంటివి వీళ్లలో చాలామందికి దక్కవు. కంపెనీ ఇచ్చే లెక్కల్లో పర్మినెంట్ వాళ్లే ఉంటారు కాబట్టి ఈ ఇద్దరి లెక్కలూ విడివిడిగా అడగండి.

పీఎఫ్ కూడా అంతే. అస్సాం టీ తోటలకు 1955 నుంచి వేరే పీఎఫ్ చట్టం ఉంది. కూలీ జీతంలో కోసుకున్న డబ్బు ఫండ్‌లో జమ కాకుండా ఆగిపోయిన సంగతులు అక్కడ పాతవే.

కంపెనీ తన గురించి ఏం రాసుకుందో చదవండి

కంపెనీ షేర్ మార్కెట్‌లో లిస్ట్ అయి ఉంటే మీకు ఒక మంచి తాళంచెవి దొరికినట్టే. పెద్ద లిస్టెడ్ కంపెనీల్లో మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక, అంటే తమ బాధ్యత, సుస్థిరతల మీద నివేదిక ఇచ్చి తీరాలని షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ నిబంధన. (మన రాజకీయాల్లోని బీఆర్‌ఎస్‌తో దీనికి సంబంధం లేదు, నేనూ మొదటిసారి విని నవ్వుకున్నాను.) ఇది కంపెనీ వార్షిక నివేదికలో ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లోనో, స్టాక్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లోనో డబ్బు కట్టకుండా దొరుకుతుంది.

రెండు మూడు వందల పేజీలు చదవక్కర్లేదు. సెక్షన్ ఏలో ఈ నివేదిక గురించి ఎవరిని సంప్రదించాలో పేరు, ఫోన్, ఈమెయిల్ ఉంటాయి. కస్టమర్ కేర్‌కు రాసే ఉత్తరం కాపీ ఆ మనిషికి కూడా పంపండి. తర్వాత ప్రిన్సిపుల్ 5కు వెళ్లండి, అది మానవ హక్కులది. దాని చివర్లో వాల్యూ చైన్ భాగస్వాములను, అంటే కంపెనీకి సరుకు ఇచ్చేవాళ్లను, బాల కార్మికులు, వెట్టి, వేధింపులు, కూలి లాంటి విషయాల్లో ఎంత శాతం మందిని తనిఖీ చేశారన్న పట్టిక ఉంటుంది. అది కంపెనీలు ఇష్టమైతేనే నింపే భాగం. అక్కడ అంకె ఉంటే రాసుకోండి. ఖాళీ ఉంటే "ఫలానా పేజీలో ఈ పట్టిక ఎందుకు నింపలేదు?" అన్నదే మీ మొదటి ప్రశ్న. పేజీ నంబర్ వేసి అడిగిన ఉత్తరాన్ని పక్కన పడేయడం కష్టం.

బ్రిటన్‌లో వ్యాపారం ఉన్న పెద్ద కంపెనీలు అక్కడి 2015 చట్టం కింద వెట్టిచాకిరీ మీద ఏటా ఒక ప్రకటన పెట్టాలి. మీ బ్రాండ్ వెనక అలాంటి కంపెనీ ఉంటే అది కూడా చూడండి. ఇంగ్లిష్ చదవడం టెన్షన్ అనిపిస్తే డిగ్రీ చదివే పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి, ప్రాజెక్టుల కోసం వెతుక్కునే పిల్లలకు కొదవ లేదు.

ఉత్తరం

ఒక పేజీ దాటనివ్వకండి. తెలుగులో రాసి, కింద ఇంగ్లిష్ తర్జుమా జత చేయండి. ఈమెయిల్ పంపినా సరే, ఒక కాపీ స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. కోపం చూపించే మాటలు, పెద్ద పెద్ద విశేషణాలు వద్దు. నేను రాసింది ఇలా ఉంది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"కస్టమర్ కేర్ అధికారి గారికి,

నేను నల్లగొండ జిల్లాలో ఉంటాను. మీ టీ పొడిని చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ప్రస్తుతం వాడుతున్న ప్యాకెట్ బ్యాచ్ నంబర్, ప్యాక్ చేసిన నెల పైన రాశాను. ఈ వివరాలు తెలపగలరు.

1. గత ఆర్థిక సంవత్సరంలో మీరు ఏయే తోటల నుంచి, ఏయే బాట్‌లీఫ్ ఫ్యాక్టరీల నుంచి టీ కొన్నారు? ఆ జాబితా అందరికీ కనిపించేలా ఎక్కడ పెట్టారు?

2. ఆ తోటల్లో పర్మినెంట్ కూలీకి, సీజన్ కూలీకి రోజుకు చేతికి అందే నగదు ఎంత? రేషన్, ఇంటి విలువ కలపకుండా తెలపగలరు.

3. కూలీల పీఎఫ్ బకాయి ఉన్న తోటల నుంచి మీరు కొంటున్నారా? బకాయి ఉందో లేదో ఎలా తెలుసుకుంటున్నారు?

4. ఇళ్లు, తాగునీరు, మరుగుదొడ్లు, క్రెష్‌లను చివరిసారి ఎవరు, ఎప్పుడు తనిఖీ చేశారు? ఏ లోపాలు దొరికాయి, ఎప్పటిలోగా సరిచేయాలని చెప్పారు?

5. తోటలో పనిచేసే మనిషి తన ఫిర్యాదును తోట యజమాని ద్వారా కాకుండా నేరుగా మీకు చేర్చే దారి ఉందా? గత ఏడాది అలా ఎన్ని వచ్చాయి?

30 రోజుల్లో జవాబు ఇవ్వగలరు."

ఐదో ప్రశ్న మా నాయన కోసం రాసుకున్నది. ఆయన ఫిర్యాదు ఇంజనీర్ దగ్గరా మేస్త్రీ దగ్గరా ఆగిపోయింది, కంపెనీ దాకా పోయే దారే లేకుండె.

జవాబు వచ్చాక

నాకు మొదటి జవాబు రావడానికి యాభై రోజులు పట్టింది. రెండు పేజీలు. అందులో సుస్థిరత అనే మాట ఏడుసార్లు ఉంది, తోట పేరు ఒక్కటీ లేదు. ఇలాంటివి ఎక్కువగా వస్తాయి కాబట్టి వాటిని విడదీయడం నేర్చుకోవాలి.

ఫలానా చోట బడికి రంగులు వేశాం, హెల్త్ క్యాంప్ పెట్టాం అని రాస్తే అది సీఎస్ఆర్. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మంచిదే, కానీ మీరు అడిగింది అది కాదు. బడికి రంగు వేసినంత మాత్రాన కూలీకి రావాల్సిన పీఎఫ్ జమ కాదు. రెండింటినీ కలిపి రాసిన జవాబుకు, "సీఎస్ఆర్ సంగతి అర్థమైంది, ఒకటో ప్రశ్నకు జవాబు రాలేదు" అని ఒక్క ముక్క తిరిగి రాయండి.

"మేం తోటలు నడపం, వేలంలో కొంటాం" అన్నది అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట. మన సైటు ఇంజనీర్ మాటే ఇది. నిజంగానే వేలం ఉంది. కోల్‌కతాలో 1861 నుంచి, కూనూరులో 1963 నుంచి, గువాహటిలో 1970 నుంచి నడుస్తోంది. కానీ వేలానికి వచ్చే ప్రతి లాట్‌కూ క్యాటలాగులో తోట పేరు, గ్రేడు, ఇన్‌వాయిస్ నంబర్ ఉంటాయి. కొనేవాడు తోట పేరు తెలియకుండా ఒక్క కిలో కూడా కొనడు, ఎందుకంటే రుచి, రేటు అన్నీ ఆ పేరు మీదే ఆధారపడతాయి. దేవరకొండ కిరాణా వరండాలో ఉల్లిగడ్డల కింద ఉన్న బస్తాకే తెలిసిన పేరు, కోట్ల రూపాయల కంపెనీకి తెలియదంటే ఎలా నమ్మడం? ఈ మాట వస్తే క్యాటలాగు సంగతి గుర్తుచేస్తూ రాయండి. ఇంకో ముక్క కూడా కలపండి: 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం, కంపెనీ స్వయంగా చేయకపోయినా, తన సరఫరాదారుల దగ్గర జరిగే హక్కుల ఉల్లంఘనను ఆపడానికి ప్రయత్నించాల్సిన బాధ్యత దానికి ఉంది. అది చట్టం కాదు, కోర్టుకు పనికిరాదు. అయినా పెద్ద కంపెనీలు తమ పాలసీల్లో ఆ సూత్రాలను పాటిస్తామని వాళ్లే రాసుకుంటారు. వాళ్ల మాట వాళ్లకే గుర్తుచేయండి.

జాబితా ఇవ్వడం వ్యాపార రహస్యం అంటే, బ్రిటన్ సంగతి చెప్పండి. అక్కడ ట్రెయిడ్‌క్రాఫ్ట్ అనే సంస్థ 2018లో "నా టీ ఎవరు కోశారు?" అని ప్రచారం మొదలుపెట్టింది. తాగేవాళ్లు కంపెనీలకు ఉత్తరాలు రాశారు. ఆ తర్వాత అక్కడి పెద్ద బ్రాండ్లు తాము కొనే అస్సాం తోటల పేర్లు బయటపెట్టాయి. వాటి వ్యాపారం ఏమీ మునిగిపోలేదు.

జవాబే రాకపోతే 30 రోజులకు ఒక రిమైండర్. అప్పటికీ రాకపోతే, లిస్టెడ్ కంపెనీ అయితే ఒక్క షేరు కొనండి. వార్షిక సమావేశాలు ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి, ముందుగా స్పీకర్‌గా పేరు నమోదు చేసుకుంటే ఇంట్లో కూర్చునే చైర్మన్‌ను అడగొచ్చు. రెండు నిమిషాలు ఇస్తారు. ఐదు ప్రశ్నలూ వద్దు, ఒక్కటే అడగండి.

సమాచార హక్కు దరఖాస్తు

ప్రైవేటు కంపెనీకి ఆర్టీఐ వర్తించదు. టీ బోర్డుకు వర్తిస్తుంది. అది కేంద్ర వాణిజ్య శాఖ కింద కోల్‌కతాలో ఉంది. ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టొచ్చు. ఆన్‌లైన్ కుదరకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో కాగితం మీద పంపండి. చాలా హెడ్ పోస్టాఫీసుల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థలకు రాసిన ఆర్టీఐలు తీసుకుని పంపే ఏర్పాటు కూడా ఉంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, లేకపోతే పై అధికారికి మొదటి అప్పీలు.

ఇక్కడ కూడా అభిప్రాయాలు అడగకండి, కాగితాలు అడగండి. మూతపడిన తోటల తాజా జాబితా, ఫలానా తోట నమోదు వివరాలు, బాట్‌లీఫ్ ఫ్యాక్టరీల పేర్లు, ఇలాంటివి. కూలి, పీఎఫ్ తనిఖీల కాగితాలు ఆ రాష్ట్ర కార్మిక శాఖ దగ్గర ఉంటాయి, దానికి వేరే దరఖాస్తు.

కొనడం మానేయాలా?

నన్ను అందరూ ఇదే అడుగుతారు. నా సలహా వద్దనే. తోట మూతపడితే మొదట పస్తులుండేది కూలీలే. ఉత్తర బెంగాల్ డూఆర్స్‌లో 2000 తర్వాత తోటలు మూతపడినప్పుడు ఆకలి చావుల వార్తలు వచ్చాయి. మనం మానేసిన ప్యాకెట్ వల్ల చైర్మన్ జీతం తగ్గదు. పైగా కొంటున్నంత కాలమే మన ఉత్తరానికి విలువ. తోటలో కూలీలే లేచినప్పుడు మాత్రం సంగతి వేరు. 2015 సెప్టెంబర్‌లో మున్నార్‌లో ఆడవాళ్లు యూనియన్ నాయకులను కూడా పక్కనపెట్టి, పెంబిళై ఒరుమై పేరుతో రోడ్డు మీద కూర్చున్నారు, 20 శాతం బోనస్ సాధించుకున్నారు. అలాంటప్పుడు వాళ్లు ఏం అడుగుతున్నారో చూసి, అదే మనం కంపెనీకి రాయాలి.

మీరు ఎక్కువ సరుకు కొనేవాళ్లైతే, అంటే హోటళ్లు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు, కాలేజీ క్యాంటీన్లు, మీకు ఉత్తరం కంటే పెద్ద ఆయుధం ఉంది. ఆర్డర్ కాగితంలో ఒక్క వాక్యం చేర్చండి: "సరఫరా చేసే టీ ఏయే తోటలదో పేర్లు ఇవ్వాలి." నేను సేల్స్‌లో ఉన్నప్పుడు ఈ వాక్యం ఒక్క హోటల్ వాళ్లు రాసి ఉంటే మా ఏజెన్సీ ఓనర్ ఆ సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసేవాడు. నెలకు యాభై కిలోలు తీసుకునే పార్టీని ఎవరూ వదులుకోరు. ఒకే బజారులో నాలుగు హోటళ్ల వాళ్లు కలిసి రాస్తే ఇంకా మంచిది.

క్లాక్ టవర్ దగ్గరి ఓనర్ ఇప్పుడు బస్తాల ఫోటోలు నాకు వాట్సాప్‌లో పంపుతున్నాడు. సగం ఫోటోల్లో అక్షరాలు కనిపించవు, ఆవిరికి కెమెరా మసకబారుతుంది. అయినా మూడు ఎస్టేట్ల పేర్లు దొరికాయి.

తోట పేరు చేతికి వచ్చాక రెండో ఉత్తరం ఆ ఒక్క తోట మీదే రాయండి, ప్రశ్న కూడా ఒక్కటే ఉండాలి: అక్కడి కూలీల పీఎఫ్ ఏ నెల దాకా జమ అయింది? నెల పేరు రాయమని అడగండి. ఊరికే "కడుతున్నారా" అని అడిగితే "ఎప్పటికప్పుడు కడుతున్నారు" అని రాసి పంపిస్తారు.